పత్తి గోదాంలో ఉయ్యాల

మానుకోట స్టేషన్ దగ్గరున్న ఆ రాతి కట్టడం నిజాం కాలంలో రైలు దొర బంగళా. తర్వాత దవాఖాన అయింది. ఇప్పుడు పత్తి గోదాం. హీరాలాల్ అక్కడ కాపలాదారు కాబట్టి, అతని భార్య నీలి కాపురం కూడా అందులోనే, వెనక గదిలో.

దవాఖానగా ఉన్నప్పుడు ఆ గదిలోనే నీలికి తొలి ఆడబిడ్డ పుట్టి, మూడో రోజు కన్నుమూసింది. అప్పటి ఉయ్యాల కొక్కెం ఇంకా దూలానికే ఉంది. నీలి దానికే చీర కట్టి, రెండో బిడ్డను పడుకోబెట్టింది.

పొద్దుగూకింది. నాడు దవాఖానలో ఆయా, నేడు గోదాం ఊడ్చే రుక్మిణి ఇంటికి పోతూ నవ్వింది.

"పిలగాని ఊపిరి సూసుడేనా నీ పని? జర నువ్వు గూడ పండుకో. ఖాళీ ఉయ్యాల మాత్రం ఊపకు బిడ్డా, పిలగానికి కీడు."

"నాకెరుకే అవ్వా."

హీరాలాల్ లారీ వెంట పోయాడు. కరెంటు పోయింది. పత్తి బేళ్ల నడుమ చిన్న చప్పుడైనా లేదు. ఉయ్యాలలో బాబు ఏడిస్తే నీలి ఒడిలోకి తీసుకుని పాలిచ్చింది. వాడు నిద్రపోయాడు.

ఖాళీ ఉయ్యాల కొక్కెం మాత్రం కిర్రుమంటూనే ఉంది.

కిటికీలు మూసే ఉన్నాయి. నీలి బాబును గుండెకదుముకుని, రెండో చేత్తో ఉయ్యాలను ఆపింది. చీర అడుగున బరువు తగిలింది. వెచ్చగా ఉంది. ఆ మూడు రోజుల పసిబరువు ఆమె చేతికి గుర్తే.

లోపల సన్నగా మూలుగు మొదలైంది.

"ఒక్కసారే తల్లీ," అంటూ నీలి మెల్లగా ఊపింది.

ఒడిలో బాబు ఉలిక్కిపడ్డాడు. నీలి మళ్లీ ఊపలేదు. చెయ్యి తీయనూలేదు.