రెండో లెక్క

స్లైడు మీద పేరు లేదు, నంబరు మాత్రమే ఉంది. అయినా అది ఎవరి కాలేయమో ఆమెకు తెలుసు. మూడు వారాల కిందట తన భర్త కడుపులోంచి తీసిన కణితి ముక్క అది. ఆపరేషను ఫారం మీద, ఆయన సంతకం పక్కనే, ఆ నంబరు అతికించింది ఆమే.

ఆ ల్యాబులో కణితిలోని రక్తనాళాలు లెక్కపెట్టేది ఇద్దరే, ఆమే, ఆమె భర్తా. ఒకరి అంకె ఒకరు చూడకూడదు. కాగితం మీద రాసి, మడిచి, ట్రేలో పెట్టాలి. లెక్కలు కలవకపోతే సీనియరుది, అంటే ఆయనదే, చెల్లుతుంది. యాభై లోపుంటే మనిషికి ఇంకా ఏళ్ళున్నట్టు. దాటితే నెలలే. మందు మాత్రం ఎవరికైనా ఒకటే.

"ఇవాళ్టివి నేను చూసేశాను," అన్నాడాయన కోటు విప్పుతూ. "నువ్వు తీరిగ్గా కానివ్వు."

"ఏం కొంపలు మునిగాయని ఇంత పొద్దున్నే వచ్చారు? కుట్లు ఇంకా పూర్తిగా మాననేలేదు."

"ఇంట్లో కూర్చుంటే నువ్వు నన్ను నిజంగానే రోగిని చేసేస్తావు."

ఆమె నవ్వింది. ఆయన అటు వెళ్ళగానే మైక్రోస్కోపు మీదికి వంగింది. చీమలపుట్ట కదిపినట్టు, ఎక్కడ చూసినా గోధుమరంగు నాళాలే. తొంభై నాలుగు. మళ్ళీ లెక్కపెట్టింది. తొంభై నాలుగే.

పాపం పిచ్చి మారాజు, ఎవరిదో అనుకుని తన ఆయుష్షు తానే లెక్కేసుకున్నాడు. ఇరవై రెండేళ్ళలో ఒక్క నాళం తప్పు పోని మనిషి. ఎల్లుండి అదే అంకె తన పేరుతో రిపోర్టులో వస్తే ఇట్టే పోల్చుకుంటాడు. ఇక ఉన్న నాలుగు రోజులూ నవ్వడం మానేస్తాడు. ఆ నవ్వు లేని ఇల్లు ఊహించుకుంటేనే ఆమెకు ఏడుపొచ్చింది.

తన కాగితం మీద 'ముప్పై' అని రాసింది. పుట్టి బుద్ధెరిగాక రాసిన మొదటి దొంగ లెక్క. ఉద్యోగం పోతే పోనీ.

ఇక మార్చాల్సింది ఆయన అంకె. గాజు తలుపు అవతల ఆయన చేతులు కడుక్కుంటూ ఈల వేస్తున్నాడు. ఆ ఈల ఆగేలోపు పని కావాలి.

ఆమె పెన్ను మూత తీసి, ట్రేలోని మడత విప్పింది.

కొట్టెయ్యడానికి అక్కడ తొంభై నాలుగు లేదు. ఆయన గుండ్రటి చేతిరాతలో 'ఇరవై ఎనిమిది' అని ఉంది.