స్టీరింగ్ మీద చేతులు

"మేడం, జల్దీ పోనియ్యుండ్రి... పిల్ల కండ్లు తెరుస్తలేదు!"

వెనక సీట్లోంచి అమల గొంతు. ఊర్సులా యాక్సిలరేటర్ తొక్కింది. చిన్న ఎర్ర కారు క్యాంపస్ గేటు దాటి తార్నాక రోడ్డెక్కింది.

ఇందాకటి దాకా ప్రవళిక బాగానే ఉంది. రెండున్నరేళ్ల పిల్ల. ఊర్సులా ఉండే క్యాంపస్ క్వార్టర్లో తల్లి అమల వంటపని చేస్తుంటే, గరిటె నోట్లో పెట్టుకుని ఊదుతూ, వంటింటి గుమ్మంలో చెయ్యి అడ్డం పెట్టి ఊర్సులాను ఆపడం దానికి రోజూ ఆట. ఇవాళా ఆడింది. ఆడుతూ ఆడుతూనే గుమ్మంలో కూలబడింది. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. కాళ్లూ చేతులూ టపటపా కొట్టుకున్నాయి. ఆ తర్వాత తోటకూర కాడలా వాలిపోయింది.

"నీ భర్త?" అడిగింది ఊర్సులా, తనకొచ్చిన కాస్త తెలుగులో.

"డ్యూటీల ఉన్నడు మేడం. ఫోన్ ఎత్తుతలేడు."

ఈ ఊళ్లో ఎవరు ఏ పని చేసినా డ్యూటీకే వెళ్తారు. ఊర్సులా గేరు మార్చింది. అమల ఫోను నోటి దగ్గర పెట్టుకుని, ఏడుస్తూ గబగబా ఏదో మెసేజ్ చెప్పింది. అందులో 'తార్నాక' అన్న మాట తప్ప ఊర్సులాకు ఏదీ చిక్కలేదు.

ఊర్సులాది జర్మనీ. పదేళ్లకు పైగా అమెరికాలో ఉండి, నిరుడే ఇక్కడి యూనివర్సిటీలో పాఠాలు చెప్పడానికి వచ్చింది. అమెరికా అనగానే ఆమెకు ముందు గుర్తొచ్చేది పలకరింపు. ఎదురుపడ్డ ప్రతివాళ్లూ "ఎలా ఉన్నారు?" అని నవ్వుతారు. జవాబు చెప్పేలోగా దాటిపోతారు.

ఆ తర్వాత గుర్తొచ్చేది పోలీసు. వెళ్లిన కొత్తలో ఓ రోజు ఆమె కారు వెనక పోలీసు బండి లైట్లు మిలమిలలాడాయి. దిగి మాట్లాడితే మర్యాదగా ఉంటుందనుకుని కారు దిగి ఎదురెళ్లింది. ఆ పోలీసు చెయ్యి నడుము దగ్గర తుపాకీ మీదికి పోయింది. అతను పెట్టిన కేక ఇప్పటికీ ఆమె చెవుల్లో ఉంది. అప్పటినుంచీ ఒకటే సూత్రం. ఆపితే ఆగు. చేతులు స్టీరింగ్ మీద పెట్టు. చెప్పేదాకా కదలకు.

అద్దంలో వెనక సీటు చూసేసరికి మరో భయం పట్టుకుంది. పిల్ల తల్లి ఒళ్లో ఉంది. పిల్లల సీటు లేదు, బెల్టు లేదు. అమెరికాలో అయితే ఆ సీటు చూపిస్తే గానీ పురిటి బిడ్డనైనా ఆసుపత్రి గడప దాటనివ్వరు. పార్కులో ఒంటరిగా కనిపించాడని పక్కింటావిడ కొడుకును యూనిఫాం వాళ్లు కారెక్కించుకుని పోయారు. ఆ తల్లి వీధి చివరిదాకా కారు వెంట పరిగెత్తింది. అందరూ కిటికీల్లోంచి చూశారు. ఊర్సులా కూడా చూసింది.

చౌరస్తా దగ్గర బండ్లన్నీ ఇరుక్కుపోయాయి. అవతల ఆసుపత్రి బోర్డు కనిపిస్తూనే ఉంది.

చెవులు చిల్లులు పడేలా విజిల్.

తెల్ల చొక్కా, ఖాకీ ప్యాంటు. ట్రాఫిక్ పోలీసు ఒకతను బండ్ల మధ్యలోంచి సూటిగా వీళ్ల కారు వైపే దూసుకొచ్చాడు. బానెట్ మీద దబదబా చరిచాడు.

"ఆపు! ఆపు!"

ఊర్సులా చేతులు స్టీరింగుకు అతుక్కుపోయాయి. "ప్లీజ్... ఆసుపత్రి..." అంది. అతను ఆమె వంక చూడనైనా లేదు. వెనక తలుపు లాగాడు.

"ఏందిది? గింత దాంక ఏం జేస్తున్నవ్? గిట్లనా పిల్లను చూసుకునేది, సోయి లేదా నీకు?"

"పొద్దున మంచిగనే ఉండె... నాకేం ఎర్క?" అమల వెక్కుతోంది.

"ఇటియ్యి పిల్లను."

అమల వెంటనే ఇచ్చేసింది. అతను పిల్లను భుజాన వేసుకుని బండ్ల సందుల్లోంచి పరుగందుకున్నాడు. అమల చెప్పులు అక్కడే వదిలేసి వెనకాల పరిగెత్తింది.

ఒకటే హారన్లు. ఆటోవాడు తల బయటపెట్టాడు. "ఓ మేడం, బండి తియ్యుండ్రి! గాడ ఫోటో దిగుతున్నరా ఏంది?"

ఊర్సులా తన చేతుల వంక చూసుకుంది. వేళ్లు తెల్లబడి ఇంకా స్టీరింగ్ మీదే ఉన్నాయి. కారు వెంట పరిగెత్తిన ఆ తల్లి కళ్లముందు మెదిలింది. ఆ కిటికీలు కూడా.

చేతులు తీసింది. తలుపు తోసుకుని దిగింది. పరిగెత్తింది. ఎవరిదో బైకు అద్దం మోచేతికి ఠంగున తగిలింది. ఆగలేదు. అవతలి ఫుట్‌పాత్ దగ్గర ఆ పోలీసు చొక్కాను రెండు చేతులా పట్టేసుకుంది.

"పిల్ల ఇవ్వు! తల్లి ఉంది! సీటు లేదు, అది నా తప్పు! నన్ను పట్టుకో!"

"అరే, వదులు మేడం! టైం లేదు!" అతను విదిలించుకోబోయాడు. ఆమె పట్టు సడలలేదు.

"మేడం, వదులుండ్రి..." అమల ఆమె చెయ్యి పట్టి లాగింది. రొప్పుకు మిగతా మాట పెగల్లేదు.

"భయపడకు అమలా. నేను ఉన్నాను."

చుట్టూ జనం మూగారు. "పిల్లను గుంజుకపోతున్నడా ఏంది?" "వీడియో తియ్యరా, వీడియో!"

ఆ గుంజులాటకు ప్రవళిక కళ్లు విప్పి, తల్లిని చూసి, ఊర్సులాను చూసి, పోలీసు చొక్కా జేబుకు వేలాడుతున్న విజిల్‌ను రెండు వేళ్లతో పట్టుకుని, నీరసంగా "డాడీ, నాకియ్యి" అంది.