తొట్టి మోసిన పన్నెండు మంది

“ముందు ఆ డబ్బా దాచవే. మీ అత్త మెట్లెక్కుతోంది,” అంది తల్లి కిటికీ దగ్గర నుంచి.

కూతురు చేతిలో ఉన్నది ఆ పొద్దున్నే విడుదలైన డిస్కు. అట్ట మీద స్నానాల తొట్టిలో నిండు వస్త్రాలతో కూర్చుని గాలం వేస్తున్న బిషప్పు, ఆ తొట్టిని భుజాల మీద మోస్తూ కొండెక్కుతున్న పన్నెండు మంది సన్యాసినులు. చర్చి పెద్దల్ని తలా తోకా లేని కలల్లాంటి దృశ్యాలతో ఆటపట్టించిన పాత సినిమా అది. పాడైపోయిన రీళ్ళను బాగుచేసి, జనం ఇంట్లో చూసుకునేలా డిస్కుగా తేవడానికి ఆమెకు రెండేళ్ళు పట్టింది.

మెట్లెక్కుతున్నది చిన్నప్పుడు ఆమెను ఎత్తుకుని ఆడించిన మేనత్త. నలభై ఏళ్ళకు పైగా మఠంలో ఉన్న సన్యాసిని.

“ఏం సినిమా అని అడిగితే ఏం చెప్పి చచ్చావు?”

“చర్చి గురించి అన్నాను. అబద్ధం కాదుగా.”

“నిజమూ కాదు. అనుభవించు.”

డబ్బాను సోఫా దిండు కిందికి తోసి, కూతురు వెళ్ళి తలుపు తీసింది. అత్త ముసుగు సర్దుకుంటూ, ఆయాసపడుతూ లోపలికొచ్చింది. మేనకోడలు వంగి, మిరియపు గింజంత పుట్టుమచ్చ ఉన్న ఆ ఎడమ బుగ్గ మీద ఎప్పటిలాగే ముద్దు పెట్టింది.

“చిక్కిపోయావే ఉడతా,” అని అత్త నేరుగా వెళ్ళి ఆ దిండు మీదే కూర్చుంది. కింద టక్కుమంది.

తల్లి వంటింట్లోకి జారుకుంది.

“మంచినీళ్ళు తెమ్మంటావా అత్తా?”

“నీళ్ళు తర్వాత. డిస్కు ఏది? రెండేళ్ళుగా నీ కళ్ళ కోసం రోజూ ప్రార్థన చేస్తున్నాను. ఆదివారం మఠంలో అందరికీ వేసి చూపిస్తానని మాటిచ్చాను. పెద్ద సిస్టర్ కుర్చీలు కూడా సర్దించింది.”

“ఇంకా రాలేదత్తా. వచ్చే వారం...”

అత్త దిండు కింద చెయ్యి పెట్టి డబ్బా బయటికి తీసింది. కళ్ళజోడు పైకి నెట్టి అట్ట వంక చూసింది. చాలాసేపు చూసింది. వంటింట్లో గిన్నెల చప్పుడు కూడా ఆగిపోయింది.

“పెట్టు,” అంది.

“అత్తా, ఇది నీకు...”

“పెట్టవే.”

పెట్టక తప్పలేదు. తెర మీద ఒక చర్చి ఫాదర్ బల్లిని కూర్చోబెట్టి దాని పాపాలు వింటున్నాడు. ఇద్దరు బిషప్పులు ఒకే టోపీ కోసం బల్ల కింద పాకుతున్నారు. అత్త నవ్వలేదు, విసుక్కోలేదు. ఒడిలో చేతులు ముడుచుకుని, పూజలో కూర్చున్నట్టే కూర్చుంది. మేనకోడలు సినిమా చూడటం మానేసి అత్త ముఖమే చూస్తోంది. ఈ గుమ్మం ఇక తొక్కదేమో అనిపించింది. తల్లి కొంగుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

తొట్టి దృశ్యం వచ్చింది. పన్నెండు మందీ వంగిపోతూ కొండెక్కుతున్నారు.

“ఆపు.”

ఆపింది. అయిపోయింది, అనుకుంది.

“తొమ్మిదో ఆమెను పెద్దగా చూపించగలవా?”

చూపించింది. తెరంతా ముసుగులో ఒక పడుచు ముఖం. బరువుకి పళ్ళు బిగించినట్టుంది గాని, జాగ్రత్తగా చూస్తే నవ్వు ఆపుకుంటోంది.

“బుగ్గ మీద చుక్క ఉండాలే. ఏమైంది?”

మేనకోడలికి ఆశ్చర్యం వేసింది. తన పని గురించి ఇంత వివరంగా ఎవరూ అడగలేదు.

“అదా, దుమ్మత్తా. రీళ్ళలో ముఖాలు గోరంత కూడా లేవు, అన్నీ మాసిపోయి ఉన్నాయి. మిగతా మరకలు ఒకచోట ఉంటే ఇంకోచోట ఉండవు. ఇదొక్కటే మొండిది, రీల్లో ప్రతి ఫ్రేము బొమ్మలోనూ అదే బుగ్గ మీద. రెండు వందల పన్నెండు బొమ్మల్లో ఒక్కొక్కటీ చేత్తో తుడిచాను. పది రోజులు పట్టింది.”

“పది రోజులు తుడిచావా?”

“ఇప్పుడు చూడు, ఎంత శుభ్రంగా ఉందో.”

అత్త మెల్లగా కళ్ళజోడు తీసింది.

“చిన్నప్పుడు నా ఒళ్ళో కూర్చుని కాలింగ్ బెల్ అంటూ ఇరవైసార్లు నొక్కేదానివి. అప్పుడు దుమ్మనిపించలేదే నీకు?”

మేనకోడలు తెర మీది బుగ్గనూ పక్కనున్న బుగ్గనూ మార్చి మార్చి చూసింది.

“వదినగారూ,” అంది గుమ్మంలోంచి తల్లి, “మీరు సినిమాలోనా?”

“కాలేజీ సెలవుల్లో. రెండు పూటలా భోజనం పెడతామన్నారు. మీ ఆయనకి కూడా తెలీదు, చెప్పకు. ఆ తొట్టి ఉత్త అట్టముక్కే అమ్మాయ్, బరువంతా ఆ బిషప్పుగారిదే. పొద్దున్న మోయడం మొదలెడితే సాయంత్రం దాకా మోశాం.”

“మఠంలో తెలిస్తే?” అంది మేనకోడలు.

“ఆదివారం తెలుస్తుందిగా. పెద్ద సిస్టర్ ముందు వరసలో కూర్చుంటుంది. అయితే నా మచ్చ నాకు పెట్టి ఇవ్వు.”

“పెడతానత్తా. రెండు వందల పన్నెండూ పెడతాను.” మేనకోడలు నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు. అత్త మోకాలి మీద తల ఆనించి అడిగింది. “చర్చిని ఇంత వేళాకోళం చేసిన సినిమాలో వేషం వేసి, మళ్ళీ సన్యాసినివి ఎలా అయ్యావత్తా?”

అత్త ముసుగు అంచు వేళ్ళతో సవరించుకుంది.

“ఆఖరి రోజు పదకొండు మంది వేషం బట్టలు తిరిగిచ్చేశారు. నేనే ఇంకా ఇవ్వలేదు.”