సోమవారం విశ్రాంతి

బానెట్ ఎత్తగానే జనార్దన్ గుండె జారింది. లోపల ఇంజిన్ లేదు.

ఉంది, కానీ కనపడదు. పెళ్లివంట గిన్నెకు పెట్టినట్టు పైన ఇంత నల్లటి ప్లాస్టిక్ మూత. పానా దూర్చే సందు లేదు.

సూర్యాపేట మొత్తంలో తన కారు మీద మెకానిక్ చెయ్యి పడనివ్వని మొనగాడు తానొక్కడేనని ఆయన గర్వం. పాత కారు అట్లాంటిది మరి. బానెట్ ఎత్తితే వంటింటి గూడులా అన్నీ చేతికందేవి. ప్రతి ఆదివారం విప్పేవాడు, తుడిచేవాడు, బిగించేవాడు. ఒకటో రెండో నట్లు మిగిలేవి. "కంపెనీవోడు ఎక్కువ ఏసిండు" అని డబ్బాలో పడేసేవాడు.

సోమవారం మాత్రం కారును కదిలించేవాడు కాదు.

"ఆపరేషన్ అయినోన్ని తెల్లారే ఉరికిస్తమా? జర పండుకోనియ్యాలె" అంటూ మిర్యాలగూడ రైస్ మిల్లు డ్యూటీకి బస్సెక్కేవాడు. మంగళవారం తాళం తిప్పీ తిప్పకముందే కారు లేడిపిల్లలా ఉరికేది. ఓసారి పంక్చరైన టైరుకు నోటితోనే గాలి ఊది కోదాడ దాకా వెళ్లొచ్చానని కూడా చెప్పేవాడు. నమ్మినవాళ్లూ ఉన్నారు.

అది ముసలిదై పోయాక, భార్య సత్యవతి పట్టుబట్టి ఈ కొత్తది కొనిపించింది. వారం తిరక్కముందే హెడ్‌లైట్ బల్బు పోయింది. మార్చుదామని ఎత్తితే ఇదీ సంగతి. బల్బు మార్చాలంటే ముందు బంపరే ఊడదీయాలట!

కోదాడ షోరూముకు వెళ్లి అరిచాడు.

"నా బండిని నేను ఇప్పుకోవద్దా? పిల్లనిచ్చి మొఖం సూడొద్దన్నట్టున్నది!"

"మీరసలు ముట్టుకోనక్కర్లేదండీ, అంతా మేమే చూసుకుంటాం" అని నవ్వాడు సేల్స్‌మాన్. బల్బు వాళ్లే వేసి పంపారు.

ఇంటికొచ్చేసరికి పక్కింటి గౌరయ్య గేటు దగ్గర కాచుకుని ఉన్నాడు.

"ఏందే జనార్దనన్నా, బల్బు గూడ షోరూమోళ్లే ఏసిండ్రంటగా? ఇగ నువ్వు గూడ మా అసొంటోనివే!"

జనార్దన్ గేటు తోసుకుని లోపలికి నడిచాడు. పానాల పెట్టె ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూలబడ్డాడు.

"మోసం జేసిండ్రు సత్యవతీ. ఇగ ఈ చేతులెందుకు?" కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఊకోండ్రి. గట్ల మోసం జేసినోళ్లు బాగుపడరు" అంటూ చాయ్ చేతికిచ్చి, ముఖం పక్కకు తిప్పుకుంది సత్యవతి.

మర్నాడు సోమవారం. అలవాటు కొద్దీ ఆయన మిర్యాలగూడ బస్సెక్కాడు. బస్సు మలుపు తిరిగే దాకా చూసి, సత్యవతి మెకానిక్ యోహానుకు ఫోన్ కలిపింది.

"యోహానూ, నువ్వు చెప్పిన బండే కొనిపించిన, ఆయన చెయ్యి దూరే సందే లేదు, ఇగ సోమవారం సోమవారం దొంగలెక్క వచ్చి ఆయన కరాబు జేసినయన్ని బాగుజేసే తిప్పలు నీకు తప్పినయి!"