శాంపిల్ సీసా

“మీ నీళ్ళు బంగారమమ్మా. ఫ్లోరైడ్ లేదు, ఏం లేదు. రిపోర్టు నా చేతిలనే ఉంది,” అన్నాడు బాబూరావు ఫోన్లో.

కళావతి ఫోన్‌ను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది. గుట్ట మీది ఊట దగ్గర తప్ప ఆ గూడెంలో మరెక్కడా సిగ్నల్ దొరకదు. మంచి కబురైనా, చెడ్డ కబురైనా నీళ్ళకొచ్చినప్పుడే వినాలి. పక్కనే ఆమె అత్త ముత్తక్క రాతి సందులోంచి కారే నీటిని సొరకాయ బుర్రతో పట్టి బిందెలో పోస్తోంది.

“ఏంది సారూ, మా బోరింగు నీళ్ళు మంచియా? మా మామ నడుం ఆ నీళ్ళకే వంగింది. మా రాజ్యశ్రీకి ఏడేండ్లు, అప్పుడే కాళ్ళు వంకరపోతున్నయి. ఆ నీళ్ళు మాన్పకపోతే పిల్ల మంచాన పడతదని భద్రాచలం దవాఖానాల డాక్టరు చెప్పిండు.”

“నన్నేం చెయ్యమంటవమ్మా? నీళ్ళు చెడ్డయని ల్యాబోళ్ళు రాస్తేనే మీకు పైపులైను. మంచియని రాసిండ్రు. ఇగ ఆ పైపులైను పక్క గూడేనికి పోతది.”

ఆ పైపులైను కోసం కళావతి తొక్కని ఆఫీసు గడప లేదు. కూలి మానుకుని, ఎండన పడి తిరిగి తిరిగి, చివరికి నీళ్ళ ఆఫీసులో పనిచేసే ఈ బాబూరావును నీళ్ళ పరీక్షకు ఒప్పించింది. ఊట నీళ్ళు మంచివేగా అంటారేమో, ఎండలు ముదిరాక ఆ ఊట ఎంతనీ? చిటికెన వేలంత ధార. అందుకే ఇంటికి రోజుకు ఒకటే బిందె అని గూడెమంతా కట్టుబాటు పెట్టుకుంది. ఐదుగురున్న ఇంట్లో ఆ బిందె మధ్యాహ్నానికే ఖాళీ. ఆ తర్వాత పిల్లకైనా, పెద్దకైనా బోరింగే గతి. తెలిసి తెలిసి కన్నబిడ్డ నోట్లో ఆ నీళ్ళు పోయడమంటే మాటలు కాదు.

“నువ్వే సీసా మార్చినవ్ సారూ,” అంది కళావతి.

“నేనెందుకు మారుస్తనమ్మా? మొన్న మీ ఇంటికాడ తీసుకున్న సీసానే తీసుకపోయి ఇచ్చిన.”

“ఆ సీసా పొద్దున్నే నేనే బోరింగు కొట్టి నింపిన. సారొస్తే ఇయ్యమని మా అత్తకు చెప్పి మిరపకాయలు ఏర పోయిన. అండ్ల బోరింగు నీళ్ళు తప్ప ఇంకోటి లేదు. దారిల పారబోసి వేరే నీళ్ళు పోసినవా? పక్క గూడెపోళ్ళు కోడి కోసి పెట్టిండ్రా నీకు?”

“నాకూ పిల్లలున్నరు కళావతమ్మా. నోటికొచ్చినట్టు అనకు.”

“పోనీ, ఇంకోపారి పరీక్షకు పట్టుకపో. నీ కళ్ళ ముందట్నే బోరింగు కొడత.”

“ఫైలు మూసేసిండ్రమ్మా. మళ్ళ పరీక్షంటే వచ్చే ఏడే.”

ఫోన్ పెట్టేశాడు. కళావతి అక్కడే బండ మీద కూలబడింది. వచ్చే ఏడంటే ఎంత సులువుగా అనేశాడు! ఏడాది పాటు ఆ నీళ్ళే తాగితే రాజ్యశ్రీ లేచి నిలబడుతుందా? ఆ తలపుకే ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే బాబూరావును నోరారా తిట్టింది. వాడి చేతులు పడిపోవాలంది, వాడి కడుపు మాడిపోవాలంది.

“సోమవారం కలెక్టరాఫీసుకు పోత. సీసా మార్చిండని రాసిచ్చి వాని నౌకరీ ఊడగొట్టిస్త. నువ్వు గూడ రా అత్తా. సీసా చేతికిచ్చింది నువ్వే, నువ్వే సాక్ష్యం చెప్పాలె.”

ముత్తక్క బుర్ర కింద పెట్టి, తడి చేతులు చీర చెంగుకు తుడుచుకుంది. కోడలు ఇంతగా ఏడవడం ఆమె ఎన్నడూ చూడలేదు.

“ఆ సారును ఏమనకు బిడ్డా. పాపం, మంచోడు. అంత ఎండల బండి మీద వచ్చిండు. చాయ్ పెడతనంటే గూడ వద్దన్నడు. సీసా సంచిల పెట్టుకొని పోయిండు.”

“మంచోడా? పిల్ల కాళ్ళు తీసినోడు నీకు మంచోడా? మన నీళ్ళు పారబోసినోడు?”

“పరీక్షంటున్నవ్ కదా, దేనికి బిడ్డా పరీక్ష?”

“ఆ సీసాల నీళ్ళకే అత్తా. పట్నంల మిషన్ల పోసి చూస్తరు. చెడ్డయని తేలితేనే మనకు పైపు.”

ముత్తక్క మొహంలో నెత్తురు చుక్క లేదు. కోడలి పక్కన మెల్లగా చతికిలబడి, ఆమె చెయ్యి పట్టుకుంది.

“సారొస్తే ఇయ్యమంటివి, దారిల తాగనీకే అనుకున్న బిడ్డా. ఇంటికొచ్చినోనికి ఆ పాడు నీళ్ళు ఎట్లియ్యాలని పారబోసి, గుట్టెక్కొచ్చి ఈ ఊట నీళ్ళు నింపిన.”