పగలని గాజు

రాజుల కాలంనాటి పాడుబడిన బంగళా గోడల పగుళ్లకు అడ్డంగా ఇంజినీరు ఏడాది కిందట గాజుపట్టీలు అతికించాడు. గోడ కదిలితే గాజు పగులుతుంది. పగిలితే బంగళా కూల్చేస్తారు. వెనక గదిలో ఉంటున్న కాపలాదారు రోడ్డున పడతాడు.

ఈరోజు చూస్తే ఒక్కటీ పగల్లేదు.

"తాతా, నీ బంగళా నాకంటే గట్టిది!" అన్నాడు ఇంజినీరు. "వచ్చే నెల ఇక్కడ బడి పెడుతున్నారు. మూడొందల మంది పిల్లలు."

"పిల్లలా?" కాపలాదారు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. మళ్లీ వెళ్లాడు.

"ఏం, వాళ్ల గోలకి నిద్ర పట్టదనా?"

కాపలాదారు తన గదిలోంచి గోనెసంచి ఈడ్చుకొచ్చి బోర్లించాడు. అంతా పగిలిన గాజే.

"పగిలినప్పుడల్లా కొత్తది అతికించానండీ. మొదట్లో నెలకొకటి పగిలేది. ఇప్పుడు రోజుకొకటి. కూల్చెయ్యమనే రాయండి బాబూ. ముందు బయటికి పదండి."