గార్డు పెట్టె

ప్యాసింజరు రైలును ఇంకో రెండు స్టేషన్లు పొడిగించారు గానీ, ఆ కొసన ఇంజిన్‌ను రైలు అవతలి చివరికి మార్చే పక్క లైను వేయలేదు. "లైను సంగతి తర్వాత. ముందు బండి నడపండి" అన్నారు పైవాళ్ళు.

దాంతో మొదటి రోజే, తిరుగు ప్రయాణంలో ఇంజిన్ వెనక నుంచి నెట్టాల్సి వచ్చింది. ఎప్పుడూ చివరన ఉండే గార్డు పెట్టె ముందుకొచ్చింది. డ్రైవరుకు దారి కనిపించదు. గార్డు కళ్ళే దిక్కు.

ఇళ్ళ పక్క మలుపులో ఉన్నట్టుండి బ్రేకులు పడ్డాయి. వేసింది గార్డే.

డ్రైవరు దిగి, రొప్పుతూ రైలు పొడవునా పరుగెత్తాడు. గార్డు కంకర మీద కూలబడి ఉన్నాడు, చేతిలో ఎర్రజెండాతో. డ్రైవరు చక్రాల కిందకి వంగి చూసి, ముఖం తిప్పేసుకున్నాడు.

"ఎన్నేళ్ళ సర్వీసయ్యా నీది! పట్టాల మీద పిల్ల కనిపిస్తే జెండా ఊపొద్దా?"

"ఊపానన్నా. అరిచాను కూడా."

"మరి తప్పుకోదేం?"

"బండి వెళ్ళిపోతోందనుకుంది. గార్డు పెట్టె కనిపించిందంటే రైలు దాటిపోయినట్టేనని దానికి తెలుసు."

"అంత చిన్నదానికి గార్డు పెట్టె గురించి ఎవరు చెప్పారయ్యా?"

గార్డు జెండాను కర్రకు చుట్టసాగాడు.

"ఇవాళ్టి నుంచి మన బండి మనింటి పక్కనుంచే వెళ్తుందని, చివరి పెట్టెలో నేనుంటానని పొద్దున చెప్పి వచ్చానన్నా. నేను జెండా ఊపుతుంటే, నవ్వుతూ అదీ చెయ్యి ఊపింది."